అత్తగారు, అల్లుడుగారు, హెచ్-4 బల్బు

(విజయవాడ. సాయంత్రం ఐదున్నర. వాకిట్లో పాత వ్యాగనార్, బానెట్ ఎత్తి ఉంది. అత్తగారు అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతున్నారు. ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో ఏళ్ల తరబడి గల్లాపెట్టె చూసిన మనిషి. అల్లుడుగారు పెద్ద సంచీతో గేటు తోసుకుని వచ్చారు.)

అల్లుడు: అత్తయ్యగారూ, కుడివైపు హెడ్‌లైటులో లో బీమ్, అదే కిందికి పడే వెలుగు, పోయింది కదా, ఇక చూస్కోండి. రాత్రి ఏలూరు రోడ్డు పట్టపగలే!

అత్తగారు: పోయింది ఒక్క బల్బు. సంచీ ఏమో సారె సంచీలా ఉందేంటి బాబూ?

అల్లుడు: మూడు రకాలు తెచ్చానండీ. ఏది బాగుంటే అది పెట్టుకోవచ్చని.

అత్తగారు: పోయినదాన్ని తీసి చూశారా?

అల్లుడు: పోయాక చూసేదేముందండీ, పారేయడమే.

అత్తగారు: ఎందుకు పోయిందో అదే చెబుతుంది. గాజు లోపల నల్లబడితే వయసైపోయినట్టు. తెల్లటి మసక పట్టితే గాజు పగిలి గాలి జొరబడినట్టు. రెండువైపులా కొత్తవి నెలకే పోతున్నాయనుకోండి, తప్పు బల్బుది కాదు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్‌ది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.8 వోల్టులు దాటితే ఎంత ఖరీదైన ఫిలమెంటైనా నిలవదు.

అల్లుడు: (తీసి చూసి) నల్లగానే ఉందండీ.

అత్తగారు: పాపం, దాని ఆయుష్షు తీరింది. మీరేం తెచ్చారో చూపించండి.

అల్లుడు: మొదటిది ఇదిగో, హెచ్-4. మూడు పిన్నులు. తప్పు పట్టడానికేం లేదు.

అత్తగారు: సంతోషం. హెచ్-7 కొనుక్కెళ్లి సుత్తి అడిగినవాళ్లు కూడా ఉన్నారు. దానికి ఒకే ఫిలమెంటు, రెండే పిన్నులు. మనదాంట్లో రెండు ఫిలమెంట్లూ ఒకే గాజులో ఉంటాయి, దూరానికి పడే హై బీమ్‌కి 60 వాట్లు, లో బీమ్‌కి 55. మీదాని మీద ఏం రాసుంది?

అల్లుడు: ...వంద బై తొంభై.

అత్తగారు: ఊఁ.

అల్లుడు: ఆ ‘ఊఁ’ నాకు నచ్చలేదండీ.

అత్తగారు: నేనేమన్నాను బాబూ? 60 వాట్లు 5 ఆంపియర్లు లాగుతాయి. వంద వాట్లు 8 దాటుతాయి. మీ వైరూ, స్విచ్చీ, హోల్డరూ కంపెనీవాడు 60కి లెక్కేసి పెట్టినవి.

అల్లుడు: ఎక్కువైతే ఫ్యూజు పోతుంది. దాన్ని పెట్టిందే అందుకు!

అత్తగారు: ఆ బాక్సు తీసి చూడండి, ఒక్కో వైపు లైటుకి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. 8కి అదెందుకు పోతుంది? తంటా అంతా అక్కడే. ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, హోల్డరు కరుగుతుంది. కరెంటు పెరిగిన కొద్దీ పిన్నుల దగ్గర వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. అంటే ఇక్కడ రెండున్నర రెట్లు పైమాటే. ముందు బల్బు పిన్నులకి తగిలించే కప్లరు గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత పిన్ను వదులవుతుంది, వదులైన పిన్ను ఇంకా కాలుతుంది. ఈలోగా డోము, అదే బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నె, దాని లోపలి మెరుగు పొరలు లేస్తుంది. అది పోయాక సూర్యుణ్ణి తెచ్చి పెట్టినా వెలుగు రాదు.

అల్లుడు: సిరామిక్ హోల్డరు, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తెచ్చే రిలే వైరింగు వేయిస్తే?

అత్తగారు: హోల్డరు దక్కుతుంది. డోము దక్కదు, ఎదురొచ్చేవాడి కళ్లూ దక్కవు. రోడ్డు మీద వాడకూడదని డబ్బా మీదే చిన్నక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు తెప్పించనా?

అల్లుడు: అక్కర్లేదు లెండి. రెండోది చూడండి. 60/55యే! వెలుగు మాత్రం తెల్లగా, ఖరీదైన కార్లకి ఉన్నట్టే.

అత్తగారు: గాజుకి నీలం రంగు పూశారు. రంగు వేస్తే వెలుగు ఆగుతుందా, పెరుగుతుందా? పసుపు భాగాన్ని పూత మింగేస్తుంది. ఆ లోటు తీరాలని ఫిలమెంటుని ఎక్కువ కాలుస్తారు, కాబట్టి త్వరగా పోతుంది. వానలో తడిసిన తారురోడ్డు మీద పెట్టి చూడండి, లైటు వేశానా లేదా అని మీకే అనుమానమొస్తుంది.

అల్లుడు: మీకు వెలుగంటేనే పడదేమో! అయితే ఇది, ఎల్‌ఈడీ కిట్టు. వెనక ఫ్యాను కూడా ఉంది. దీనికి ఏం వంక పెడతారో చూస్తాను.

అత్తగారు: వంక నేను పెట్టడం లేదు బాబూ, డోమే పెడుతుంది. ఆ పాత బల్బు ఇటివ్వండి. ఈ లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొన్నె కనిపిస్తోందా? వెలుగు డోము కింది సగానికి పోకుండా ఆపేది అదే. పైసగం మీద పడ్డ వెలుగే రోడ్డు మీదికి వంగుతుంది. అందుకే గోడ మీద పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో గీత కనిపిస్తాయి. ఫిలమెంటు సన్నటి చుట్ట, వెలుగు చుట్టూ విసురుతుంది. మీ ఎల్‌ఈడీకి చిప్పులు రెండు పక్కలా పలకల్లా అతికించారు. వెలుగు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగినా గీత చెదురుతుంది.

అల్లుడు: మా ఆఫీసులో ఒకాయన పెట్టించాడు. గోడ తెల్లగా వెలిగిపోతోంది.

అత్తగారు: గోడ వెలుగుతుంది. దూరంలో ఉన్న గేదె వెలగదు. దగ్గర తెల్లగా ఉంటే మీ కళ్లు దానికే అలవాటు పడి, దూరం ఇంకా చీకటైపోతుంది. ఎల్‌ఈడీ లైటుతోనే తయారైన కారు సంగతి వేరు, దాని డోమే వేరు.

అల్లుడు: మరి ఆ ప్లస్ 130, ప్లస్ 150 శాతం వెలుగని అమ్మేవి? అవీ దొంగవేనా?

అత్తగారు: కావు. అసలైనవైతే మంచివే. కాకపోతే మొత్తం వెలుగు రెండింతలవదు. చట్టం అడిగే కనీసంతో పోల్చి, రోడ్డు మీద ఒక ముక్కలో అంత ఎక్కువని ఆ అంకె వేస్తారు. ఫిలమెంటు చిన్నది, వేడి ఎక్కువ, ఆయుష్షు తక్కువ. రోజూ రాత్రిళ్లు తిరిగేవాళ్లు ఏడాదికోసారి మార్చుకోడానికి సిద్ధపడే కొనాలి.

అల్లుడు: మొత్తానికి మామూలు బల్బే పెట్టమంటారు. దాంతో ఏమీ కనిపించకనేగా నేనింత ఖర్చు పెట్టింది!

అత్తగారు: ఆ కనిపించనిది బల్బు వల్లో కాదో చూడాలిగా. మల్టీమీటరు తెండి. ఇంజను స్టార్ట్ చేసి లైటు వేయండి. బ్యాటరీ దగ్గర ఎంత?

అల్లుడు: 13.9.

అత్తగారు: ఎడమ బల్బు వెలుగుతుండగానే దాని కప్లరు వెనక నుంచి ముళ్లు పెట్టి చూడండి.

అల్లుడు: ...12. ఇంత తగ్గిందేంటండీ?

అత్తగారు: మధ్యలో దాదాపు 2 వోల్టులు ఎవరో తినేస్తున్నారు. 13.2 వోల్టులుంటే లో బీమ్ వెయ్యి ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. అదే బల్బు 12 దగ్గర సుమారు 720 ఇస్తుంది. వోల్టేజీ కాస్త జారితే వెలుగు దబ్బున పడిపోతుంది. కొత్త బల్బు పెట్టినా అంతే. ఎర్తు వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. పిన్నుల పచ్చతుప్పూ తుడవండి.

(పావుగంట తర్వాత.)

అల్లుడు: (చేతులు తుడుచుకుంటూ) 13.3 అత్తయ్యగారూ! ఇదేంటి, మీకు ముందే తెలుసా?

అత్తగారు: తెలియదు బాబూ. కొలిస్తే తెలిసింది. హెడ్‌లైటు అద్దం చూడండి ఇక, పసుపు తిరిగిపోయి ఉంది. అది పాలీకార్బొనేటు, ఎండకి అంతే. వెయ్యి నంబరు నీటి ఎమెరీ పేపరు, తర్వాత 2000, తర్వాత 3000, ఆపైన పాలిషింగ్ కాంపౌండు. చివర యూవీ కోటింగు కొట్టకపోతే కొన్ని నెలలకే మళ్లీ పసుపు. టూత్‌పేస్టు రుద్దే వీడియోలు చూడకండి.

అల్లుడు: (ఫోన్ జేబులో దాస్తూ) ఎవరు చూస్తారండీ అవి.

అత్తగారు: నా బీరువాలో రెండు హెచ్-4లున్నాయి. గుండ్రంలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, పక్కన అంకె చూసి తెచ్చినవి. ఆ అంకె నాణ్యతది కాదు, అనుమతిచ్చిన దేశానిది. 1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్. గుర్తు కూడా దొంగది వేస్తారు కాబట్టి చేత్తో చూసుకోవాలి. ఫిలమెంటు వంకరగా ఉన్నా, అడుగునున్న లోహపు రింగు కదులుతున్నా వద్దనేయాలి.

అల్లుడు: రెండెందుకండీ? ఎడమది వెలుగుతోందిగా.

అత్తగారు: రెండూ ఒకేరోజు పుట్టిన కవలలు. రెండోది ఏ అర్ధరాత్రో కైకలూరు దాటాక పోతుంది. మార్చండి. లైటు ఆపి పది నిమిషాలైందా?

అల్లుడు: అయిందండీ. కప్లరు ఊడింది. వెనక మూతలా ఉండే రబ్బరు బూటూ వచ్చింది. తీగ క్లిప్పు నొక్కి పక్కకి తప్పించాను. ఇదిగో కొత్తది...

అత్తగారు: ఆగండి! గాజు పట్టుకున్నారు!

అల్లుడు: మరి దేన్ని పట్టుకోనండీ?

అత్తగారు: రింగుని! మీ వేళ్ల జిడ్డు ఆ గాజు మీద మాడి, అక్కడ ఒక్కచోటే వేడెక్కి పగులుతుంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. రింగుకున్న చెవుల్లో వెడల్పు చెవి పైకి రావాలి. మూడు చెవులూ గాడిలో కూర్చున్నాకే క్లిప్పు. బలవంతం చేస్తే క్లిప్పు వంగుతుంది. రబ్బరు బూటు అంచంతా వేలితో తడమండి. ఒక మూల లేచినా వానాకాలం డోములో చెమ్మ దిగుతుంది.

అల్లుడు: అయిపోయింది! వెలిగాయి, రెండూ!

అత్తగారు: వెలగడం కాదు, ఎక్కడ పడుతున్నాయో చూడాలి. టైర్లలో గాలి సరిగ్గా ఉందిగా? గోడకి 5 మీటర్ల దూరంలో కారు ఆపండి. బల్బు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తో గోడ మీద సుద్దతో గీయండి. వెలుగు గీత దానికంటే 5 సెంటీమీటర్లు కింద ఉండాలి, ఎడమ చివర మాత్రం కాస్త పైకి లేవాలి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఆ అంచున నడిచేవాళ్లు కనపడటానికి. తేడా ఉంటే లైటు వెనక స్క్రూ తిప్పండి, ఒక్కో చుట్టు చొప్పున.

అల్లుడు: అది పక్కింటివాళ్ల గోడండీ.

అత్తగారు: సుద్ద తుడిస్తే పోతుంది. ఇక డ్యాష్‌బోర్డులో సున్నా నుంచి అంకెలున్న ఆ చక్రం ఎందుకో తెలుసా?

అల్లుడు: ఏసీదనుకున్నాను.

అత్తగారు: వెనక బరువుంటే ముందుభాగం లేస్తుంది, లైటు చెట్లెక్కుతుంది. ఆ చక్రం తిప్పి దించాలి. సున్నా అంటే కార్లో ఒక్కరే ఉన్నప్పుడు. ఈ రాత్రికి 2 దగ్గర పెట్టండి.

అల్లుడు: నేనొక్కణ్ణే కదండీ వెళ్లేది?

అత్తగారు: మీరూ, రెండు బియ్యం బస్తాలూ, ఆవకాయ జాడీ, మా చిన్నదానికి రోలూ. ఆ ఎల్‌ఈడీ కిట్టు బిల్లు కూడా జాగ్రత్తగా పెట్టుకోండి, పొద్దున్నే తిరిగిచ్చేద్దురుగాని.

అల్లుడు: బిల్లు ఇవ్వలేదండీ... జీఎస్టీ మిగుల్చుకుందామన్నాడు.

అత్తగారు: ఊఁ.