గానం : జానపదం

మన శ్రీకాకుళం జిల్లాలో జానపదం అనే గాయని ఒకావిడ ఉంది. ఉభాల (వరినాట్ల) పాట ఆవిడదే, పెళ్లిపాట ఆవిడదే. యూట్యూబులో ఏ డీజే ఆల్బమ్ కింద చూసినా ‘గానం : జానపదం’ అనే ఉంటుంది. ఇంతవరకు ఆవిడకి రూపాయి ముట్టినట్టు లేదు. ఇంటిపేరు కూడా లేకపాయె, చెక్కు ఎవరి పేర రాస్తారు పాపం!

‘ఉత్తరాంధ్ర తొలి లేడీ పాప్, హిప్ హాప్ ఆల్బమ్’ అని ఈమధ్య గోడగోడకీ పోస్టర్లు. పోస్టర్లో నల్లకళ్లద్దాల కుర్రాడున్నాడు. లేడీ మాత్రం లేదు. ఆవిడది గొంతొక్కటే తీసుకున్నారు.

తయారీ తేలికే. మడిలో వంగి పాడే ముసలమ్మని ఫోన్లో పట్టి, వాట్సాప్‌లో పంపించుకోవాలి. గొంతులోని మెరుపు కొంత అక్కడే రాలిపోతుంది. ఆవిడ పాట ఆరు మాత్రల ఊపు, నాట్లు సాగేకొద్దీ నడక పెరుగుతుంది. మన డీజే బీటు నాలుగు, వేగం నిమిషానికి 90 దెబ్బలు. అందుకని పాటని ముక్కలు కోసి గళ్లలో కూర్చోబెడతారు. ‘ఓలమ్మా’ అన్న సాగదీత తెగి ‘ఓల్’ ఒకచోట, ‘అమ్మా’ ఒకచోట పడతాయి. పైన ఆటోట్యూన్, అంటే శ్రుతి సరిచేసే యంత్రం. ముసలమ్మ స్వరం నుంచి స్వరానికి జారే చోటే పాటకి ప్రాణం. యంత్రానికి అది తప్పుగా తోచి, జారుడు బండకి మెట్లు కట్టేస్తుంది. గడ్డిమంట మీద కాచి బిగించిన డప్పు గుమ్ము కాస్తా బేసు కింద పడి ఊపిరాడక చస్తుంది. వినబడట్లేదని సౌండు మొత్తం పెంచుతారు. యూట్యూబు దాన్ని మళ్లీ తన మట్టానికి దించేస్తుంది. మిగిలేది నలిగిన గోల. ఆఖర్న 16 బార్ల ర్యాప్. బారుకి నాలుగు దెబ్బలు, అంటే ఆ వేగంలో 43 సెకన్లు. అందులో కుర్రాడు తన పేరు తొమ్మిదిసార్లు చెప్పుకుంటాడు. ముసలమ్మ పేరుకి చోటు చాల్లేదట.

ఇక ఆవిష్కరణ సభ. ముఖ్య అతిథికి గేటు దగ్గర డప్పులతో స్వాగతం. లోపల పాట మొదలవగానే సౌండు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు: “డప్పులాపండెహె! లోపల డప్పుపాట రిలీజవతంది!” ఆపేశారు. అతిథికి శాలువా, ఆయన గన్‌మన్‌కి శాలువా, డ్రోను తిప్పేవాడికి శాలువా. డ్రోనుకీ కప్పేవాళ్లే గానీ, రెక్కల్లో చుట్టుకుంటుందని ఆగారు. ఆఖరి వరసలో ముసలమ్మ పక్కావిడని గిల్లింది. “ఏటే, అది నా గొంతునాగున్నాది గదే?” “ఊరుకోయే, అది ఇంగిలీసు పాట. నీకు ఇంగిలీసొచ్చేటి?”

మాట్లాడితే బ్రిటన్ ర్యాప్ గాయని ఎం.ఐ.ఏ. ‘కాలా’ మాకు ఆదర్శం అంటారు. బాగానే ఉంది. 2007లో వచ్చిన ఆ ఆల్బమ్‌కి ఆమె తల్లి పేరే పెట్టుకుంది. అమెరికా వీసా దగ్గర చిక్కులొస్తే చెన్నై వచ్చి, ఉరుమి డోలు వాయించేవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి రికార్డు చేసుకుంది. ఒక పాటలో ఒక్క గిటారు ముక్క అరువు తెచ్చుకున్నందుకు ఆ పాట రచయితల్లో ‘ది క్లాష్’ అనే రాక్ బృందంలోని నలుగురి పేర్లూ వేసింది. ఆదర్శంలోంచి మనవాళ్లకి అబ్బినవి కళ్లద్దాలు!

పాట జానపదమైతే కావచ్చు. గొంతు జానపదం కాదయ్యా! అది ఒక మనిషిది. పొద్దుటినుంచి మోకాటిలోతు బురదలో నిలబడి, నడుం వంచి పాడిన మనిషిది. 1957 కాపీరైటు చట్టంలో 38వ సెక్షన్ చదవండి. రాసినవాడెవరో తెలియని పాటైనా, పాడినవాళ్లకి తమ గానం మీద 50 ఏళ్ల హక్కుంది. 2012 సవరణలో 38బి చేర్చి, పాడింది తామేనని పేరు వేయించుకునే హక్కూ ఇచ్చారు. ఇది మీరు పెట్టే దయాధర్మం కాదు. పేరు తెలీదంటే అడగలేదని అర్థం. అడిగే తీరిక లేదు గానీ డ్రోనుకి తీరికుంది!

ఇంకా ఉంది. ముసలమ్మ మనవడు అసలు పాటని, బీటు లేకుండా, తన ఛానల్లో పెట్టాడు. మర్నాడు యూట్యూబు నుంచి నోటీసు: ఈ గొంతు మీద హక్కు డీజేగారిదట. యంత్రం తప్పేమీ లేదు, ముందు ఎవడు నమోదు చేసుకుంటే వాడిదే అనుకుంటుంది. కాదని అభ్యంతరం పెట్టాలంటే ఫారంలో పూర్తి పేరు టైపు చెయ్యాలి. మనవడు ఇంటిపేరుతో సహా కొట్టాడు. డీజేగారూ, మీరూ ఓసారి ఆ ఫారం తెరిచి చూడండి. అందులో ఆవిడ పేరుంది.