మా ఇంటి ఉత్తరపు హద్దు

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా కింది అరలో ఉన్న దస్తావేజులు తడిసిపోయాయి. నీళ్లు తీశాక వాటిని ఒక్కో కాగితంగా విడదీసి ఫ్యాన్ కింద ఆరబెట్టాం. అప్పుడే మొదటిసారి వాటిని పూర్తిగా చదివాను.

1996లో నాన్న కొన్నప్పటి దస్తావేజులో ఉత్తరపు హద్దు ‘20 అడుగుల రోడ్డు’. దాని వెనకాల లింకు డాక్యుమెంట్‌లో, అంటే పాత అమ్మకం కాగితంలో, అదే వైపు ‘మురుగు బోదె’. అంతకు ముందు 1968 కాగితంలో ‘వాగు పోరంబోకు’, అంటే వాగు పారే ప్రభుత్వ భూమి. స్థలం అక్కడే ఉంది. మూడు రాతల్లో వాగు కాస్తా రోడ్డయింది.

నాన్నకి చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. ‘ఈసీ తీయించాను కదరా, లాయర్‌కి కూడా చూపించాను’ అన్నారు. ఆయన తప్పేమీ లేదు. అందరూ చేసేది అదే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఎవరు ఎవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో చెబుతుంది. నీళ్లు ఎటు పారేవో చెప్పదు. పైగా ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. నాకు కోపం వచ్చేది లేఅవుట్ వేసి అమ్మినవాళ్ల మీద. వాగు సంగతి వాళ్లకి కచ్చితంగా తెలుసు.

ఆ తర్వాత గ్రామ నక్ష, అంటే ఊరి సర్వే పటం సంపాదించి, మా సర్వే నంబర్ కొలతల పటం (ఎఫ్‌ఎంబీ) పక్కన పెట్టుకుని చూశాను. పాత సర్వేలో గీసిన వాగు గీత మా వీధి మలుపు దగ్గర వంగిన చోటే మొన్న నీళ్లు అందరికంటే ముందు వచ్చాయి. బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఏరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, డైవర్షన్ కాలువతో కృష్ణలోకి మళ్లించారు. ఆ కాలువకు గండ్లు పడగానే నీళ్లు పాత దారి పట్టాయి. 2005లోనూ బుడమేరు ఊరి మీద పడింది. అయినా మా వీధిలో ఎవరూ నక్ష తీసి చూడలేదు, మేమూ చూడలేదు.

మా వెనక వీధిలో ఎనభై దాటిన తాతగారు ఉన్నారు. నక్ష తీసుకెళ్లి చూపిస్తే కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, ‘ఇక్కడ వరి నాటేవాళ్లం బాబూ, వానాకాలం గట్టు మీద నడవాలంటే భయం’ అన్నారు. పాతికేళ్లుగా రోజూ ఆయన్ని పలకరిస్తున్నాను, ఒక్కసారైనా అడగలేదు.

ఇల్లు కొనేవాళ్లని బతిమాలి చెబుతున్నాను. లింకు డాక్యుమెంట్లన్నీ అడగండి. ధర, సంతకాలు చూసి ఆపేయకండి, ప్రతి కాగితంలో నాలుగు హద్దులూ చదవండి. వాగు, చెరువు, డొంక, పోరంబోకు అన్న మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఆగండి. నక్ష, ఎఫ్‌ఎంబీ తీయించండి. చుట్టుపక్కల పెద్దవాళ్లతో ఓ గంట కూర్చోండి. లక్షలు పోసి కొంటున్నాం, ఆ ఒక్క వారం తిరగడానికి బద్ధకించొద్దు.

నిన్న మా వీధి చివర ఖాళీ స్థలంలో ప్లాట్ల బోర్డు పెట్టారు. చూడడానికి ఓ జంట వచ్చింది, చంటిపాపతో. ఉత్తరం వైపు ఏముందని అమ్మే ఆయన్ని అడిగాను. రోడ్డండీ అన్నాడు. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, నా ఫోన్లో ఉన్న 1968 కాగితం ఫొటో చూపించాను.