నల్లకోటుకు మొదటి మూడేళ్లు కూడు ఎవరు పెట్టాలి?

అనంతపురం జిల్లాలో కౌలు రైతు అప్పుల బాధతో ఆత్మహత్య చేసుకుంటే ఆ కుటుంబానికి ప్రభుత్వం ప్రకటించిన పరిహారం 7 లక్షల రూపాయలు. అది చేతికి రావాలంటే ముందు ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు (ఏడీ) కూర్చునే త్రిసభ్య కమిటీ ఆ చావు సాగు అప్పుల వల్లే జరిగిందని తేల్చాలి. కమిటీ ముందుకు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పుల కాగితాలు, కౌలు కార్డు వెళ్లాలి. బండి ఆగిపోయేది ఇక్కడే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడ చేజారుతుందోనని చాలామంది పెట్టరు. ప్రాంసరీ నోటు వడ్డీకి ఇచ్చినాయన బీరువాలో ఉంటుంది, ఆయన బయటికి తీయడు. ఇక స్టేషన్లో రైటరు ‘కడుపునొప్పి తాళలేక’ అని ఒక ముక్క రాసేస్తే ఆ తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా ఆ ముక్క వెంటాడుతూనే ఉంటుంది. కౌలు కార్డు లేదన్న సాకుతో దరఖాస్తులు తిప్పికొడుతున్నారని రైతు సంఘాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి.

ఈ ఫైలును గట్టెక్కించడానికి రాజ్యాంగ ధర్మాసనం అక్కర్లేదు. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ ఇంటి ఆడమనిషి పక్కన చట్టం తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. చుట్టుపక్కల రైతుల చేత అతనే సాగు చేశాడని అఫిడవిట్లు రాయించాలి. కమిటీ కాదంటే ఎందుకు కాదందో కాగితం మీద ఇమ్మని అడగాలి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. లా చివరి ఏడాది చదివే అమ్మాయి, కొత్తగా కోటు వేసుకున్న కుర్రాడు చేయగలిగిన పని ఇది. హక్కుల సంఘాల వాళ్లు, రైతు సంఘాల వాళ్లు తమ ఓపిక ఉన్నంత మేరకు చేస్తున్నారు. చట్టం చదివినవాళ్లు మాత్రం ఆర్డీఓ ఆఫీసు వరండాలో అరుదుగా కనిపిస్తారు.

అలాగని మన లా విద్యార్థులకు పట్టదనుకుంటే పొరపాటు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ కర్నూలు, కడప కాలేజీల్లోనూ లా చదివేవాళ్లలో ఇంట్లో మొదటి డిగ్రీ తమదే అయినవాళ్లు చాలామంది. భూమి తగాదాతోనో, పోలీసు కేసుతోనో ఇంట్లో ఒకరు కోర్టు చుట్టూ తిరగడం చూసి ఈ చదువులోకి వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. ఇలాంటి వాళ్లకు పేదల కష్టం గురించి ప్రత్యేకంగా ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేదు.

లోపం చదువు చెప్పే తీరులో ఉంది, అంతకంటే పెద్దది డబ్బులో ఉంది. ముందు చదువు సంగతి.

క్లాసులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం అనగానే 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు చెబుతారు. బీహార్ జైళ్లలో విచారణ ఖైదీలు ఏళ్ల తరబడి మగ్గుతున్నారన్న పత్రికా కథనాలు సుప్రీంకోర్టుకు చేరిన తీరు, సత్వర విచారణ జీవించే హక్కునిచ్చే రాజ్యాంగ 21వ అధికరణంలో భాగమని కోర్టు తేల్చిన తీరు వివరిస్తారు. చెప్పాల్సిన కేసే. దాంతో పాటు కడప సెంట్రల్ జైలు గురించి కూడా చెప్పాలి కదా. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బాండు మీద విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు ఉన్నా వర్తించదు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో దొరికిన తమిళ కూలీల మీద ఒక్కొక్కరికి ఎన్ని కేసులున్నాయో, ఎవరికి ఏ సెక్షన్ పడుతుందో కూర్చుని లెక్కలు కడితే ఒక బ్యాచ్ మొత్తానికి సరిపోయే ప్రాక్టికల్స్. తమిళం వచ్చిన విద్యార్థి ఒకరుంటే మరీ మేలు.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలి. కాగితం మీద లోటేమీ లేదు. జరిగేది మాత్రం చాలాచోట్ల తెలిసిన లాయరు దగ్గర ఒక సర్టిఫికెట్, పక్క ఊళ్లో ఫ్లెక్సీ కట్టి ఒక అవగాహన సదస్సు. సదస్సులో బాల్యవివాహాలు వద్దని చెబుతారు, ఫొటో దిగుతారు. మళ్లీ ఆ ఊరి మొహం ఎవరూ చూడరు.

ఇక డబ్బు. జిల్లా కోర్టులో కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు రాబడి అంటూ ఉండదు. సీనియర్ మంచివాడైతే బస్ ఛార్జీలు, పండక్కి ఇంత అని ఇస్తారు. రూము అద్దె, మెస్ బిల్లు ఇంటి నుంచే రావాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫార్సు మాత్రమే. జిల్లా కోర్టు సీనియర్లలో అంత ఇవ్వగలిగే స్థితి కూడా కొద్దిమందికే ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో మొదటి మూడేళ్లు నెలకు 5 వేల భృతి మొదలుపెట్టింది. ఆ ఆలోచన సరైనదే. లాయరుగా పేరు నమోదుకు కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కొన్ని రాష్ట్రాల్లో 40 వేలు దాటుతున్న దశలో, చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గడప దాటడం తేలికైంది. దాటిన తర్వాత లోపల నిలబడడమే కష్టం.

ఈ టెన్షన్ చాలదన్నట్టు 2025 మే 20న ఇంకో తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి. కోర్టు గదిలో నిలబడకుండా జడ్జి కుర్చీలో కూర్చోకూడదన్న తర్కం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మూడేళ్లు ఎవరు భరించగలరు? ఇంట్లో లాయర్లున్న పిల్లలు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సొంతిల్లు ఉన్న పిల్లలు. ఆలూరు నుంచి కర్నూలుకు వచ్చి హాస్టల్లో ఉండి చదివిన అమ్మాయికి మాత్రం ఇంట్లో సంబంధాలు చూడడం మొదలవుతుంది.

ప్రజల కోసం పనిచేసే ఉద్యోగాలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో తెచ్చిన పథకంలో ప్రతి జిల్లాలో పూర్తికాలపు డిఫెన్స్ కౌన్సెల్ ఉంటారు. పేద నిందితుడికి ఒకాయన కాకపోతే ఇంకొకాయన అన్నట్టు కాకుండా, అదే పని మీద ఉండే లాయరు దొరకడం పెద్ద మార్పు. మూడేళ్లలోపు అనుభవం ఉన్నవాళ్లకు అసిస్టెంట్ పోస్టులు కూడా అందులో ఉన్నాయి. కాకపోతే అది క్రిమినల్ కేసులకే పరిమితం, పోస్టులూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో లీగల్ ఆఫీసరు, గృహహింస విభాగంలో లీగల్ కౌన్సెలర్ లాంటివి కాంట్రాక్టు మీద నడుస్తాయి. స్వచ్ఛంద సంస్థల్లో చేరదామంటే అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని చిక్కు ఒకటుంది. బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం ప్రాక్టీసులో ఉన్న లాయరు ఎక్కడా పూర్తికాలం జీతానికి పనిచేయకూడదు. ఒక సంస్థలో జీతానికి చేరి రెండేళ్లు వలస కూలీల కాగితాలు రాస్తే, ఆ రెండేళ్లు ప్రాక్టీసు కింద చెల్లవు. జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని మూడేళ్ల లెక్కలో కలపొచ్చని అదే 2025 తీర్పు చెప్పింది. కోసిగి వలస కూలీల కోసం తిరిగిన కాలానికి ఆ వెసులుబాటు లేదు. పేదల పని ఎంచుకున్న వాళ్ల మీదే పడే జరిమానా ఇది. ఎవరూ కావాలని పెట్టింది కాదు, ఎవరూ పట్టించుకోనిది కూడా.

మన దగ్గర ఈ వృత్తి గురించి మాట్లాడితే హక్కుల లాయర్లు కన్నబిరాన్, బొజ్జా తారకం, బాలగోపాల్ పేర్లు వస్తాయి. రావాల్సినవే. లెక్కల మాస్టారుగా ఉన్న బాలగోపాల్ తర్వాత లాయరై హక్కుల కేసులు వాదించారు. కానీ ఆ పేర్లు చెప్పి మనం పిల్లలకు ఇస్తున్న సందేశం ఏమిటంటే, ఈ దారి త్యాగమూర్తులది అని. త్యాగం చేయగలిగినవాళ్లు తరానికి నలుగురో ఐదుగురో పుడతారు. మండలానికి ఒక లాయరు కావాలంటే దాన్ని మామూలు మనిషి బతకగలిగే ఉద్యోగంగా చేయాలి.

కర్నూలులో ఈ మాట అంటే వెంటనే హైకోర్టు బెంచి దగ్గరికి వస్తారు. రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామన్న 1937 శ్రీబాగ్ ఒప్పందం దగ్గర మొదలైన ఆశ, 2024 నవంబరులో బెంచి కోసం శాసనసభ చేసిన తీర్మానం దాకా వచ్చింది. బెంచి రావాలనే నేనూ అంటాను. భూసేకరణ మీద రిట్ వేయాలంటే ఆదోని రైతు రాత్రంతా బస్సెక్కి అమరావతి పోవాల్సిన అవసరం ఉండకూడదు. అయితే న్యాయ రాజధాని అన్నారు, 2024 మార్చిలో జగన్నాథగట్టు మీద జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన అన్నారు, ఈ పెద్ద భవనాల చర్చలో చిన్న కోర్టుల సంగతి మరుగున పడింది. 2021లో మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త కార్యాలయాలు కర్నూలుకు వచ్చాయి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులో రాసుకోవచ్చు, ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. జిల్లాలోని లా కాలేజీలు వారానికో రోజు ఫిర్యాదులు రాసిపెట్టే బల్ల వేస్తే దానికి ఏ తీర్మానం అవసరం?

శ్రీశైలం ముంపు బాధితుల కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్న 98వ జీఓ 1986లో వచ్చింది. దాని కోసం ఆ పిల్లలు దశాబ్దాల పాటు ధర్నాలు చేశారు. ధర్నాకు తోడు ఎవరి ఫైలు ఎక్కడ ఆగిందో పట్టుకుని తిరిగే లాయర్లు ఊరికి ఒకరుంటే ఎలా ఉండేదోనని నాకు అనిపిస్తుంటుంది.

నేను అడిగేది చిన్న మార్పు. జూనియర్లకు భృతి ఇస్తే ఊరికే ఇవ్వొద్దు, పెంచి ఇచ్చి పని అప్పగించాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కింద వారానికి రెండు రోజులు మండల కేంద్రంలో కూర్చోవాలి. మిగతా రోజులు సీనియర్ దగ్గర కోర్టు పని. అప్పుడు అది పూర్తికాలపు జీతం కిందికి రాదు, ప్రాక్టీసూ ఆగదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ ఎస్టీలు, పిల్లలు, జైల్లో ఉన్నవాళ్లు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. అంటే పైన చెప్పిన కౌలు రైతు భార్యకు ఆడమనిషి కావడమే చాలు. అర్హత పుస్తకంలో ఉంది, మనిషి మండలంలో లేడు.

దీనికి బార్‌లోంచి అభ్యంతరం వస్తుందని తెలుసు. డిఫెన్స్ కౌన్సెల్ పథకం వచ్చినప్పుడు చాలా రాష్ట్రాల్లో లాయర్లు మా కేసులు పోతాయని నిరసన తెలిపారు. జూనియర్లే లేనిచోట ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కాబట్టి మండలంలో కూర్చునే జూనియరు చెక్ బౌన్స్, యాక్సిడెంట్, విడాకుల కేసులు ముట్టుకోకూడదని షరతు పెట్టుకోవచ్చు. పరిహారం ఫైలు, ఆగిన పింఛను, ఉపాధి కూలి బకాయి, గుంటూరు మిరపకోతకు పోయి వచ్చిన కూలీకి మేస్త్రీ ఎగ్గొట్టిన డబ్బు వరకే పరిమితం కావాలి. చివరిదానికి వలస కార్మికులకు చట్టంలో ఉన్న రక్షణలు కూడా పనికిరావు. రాష్ట్రం దాటిపోతేనే అవి వర్తిస్తాయి, గుంటూరు మన రాష్ట్రమే. అక్కడ వేరే దారి వెతకాల్సింది ఆ జూనియరే. ఈ పనులకు ఫీజు కట్టి లాయరును పెట్టుకునేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు, కాబట్టి సీనియర్లకు పోయేదీ ఏమీ ఉండదు.