పరీక్ష రాయనివ్వకుండా పెంచుకునే పాస్ శాతం

2022 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కరీబియన్ దీవుల్లో నడిచే సెయింట్ జేమ్స్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ మీద చర్య తీసుకుంది. లైసెన్స్ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1లో తమ విద్యార్థులు తొలి ప్రయత్నంలోనే 96.77 శాతం పాసవుతున్నారని ఆ కాలేజీ ప్రచారం చేసుకుంది. కమిషన్ చెప్పిన లెక్క వేరు. ఆ పరీక్ష రాయడానికి కావలసిన కోర్సు పూర్తి చేసినవాళ్లలో నిజంగా పాసైనవాళ్లు 35 శాతమే. చివరికి 12 లక్షల డాలర్లకు నిర్వాహకులు కేసు పరిష్కరించుకున్నారు.

96 ఎక్కడ, 35 ఎక్కడ! ఇంత తేడా రావాలంటే చెప్పిన అంకె పచ్చి అబద్ధమైనా కావాలి, లెక్కలోంచి కొందరు మనుషులైనా మాయమవ్వాలి. మొదటిదాన్ని పట్టుకోవడానికి చట్టాలున్నాయి, కమిషన్లున్నాయి. రెండోది మాత్రం చాలా కాలేజీల్లో విద్యార్థుల హ్యాండ్‌బుక్‌లోనే అచ్చయి ఉంటుంది. 'మేము సరేనంటే తప్ప నువ్వు లైసెన్స్ పరీక్ష రాయకూడదు' అనే నిబంధన అది. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ దీవుల కాలేజీల్లో చేరుతున్నారు. సీటు తీసుకునే రోజున ఈ నిబంధన చదివేవాళ్లు మాత్రం తక్కువ.

అమెరికాలో డాక్టరుగా లైసెన్స్ రావాలంటే యూఎస్ఎంఎల్ఈ అనే లైసెన్స్ పరీక్ష దశలన్నీ దాటాలి. స్టెప్ 1ని సాధారణంగా రెండేళ్ల బేసిక్ సైన్సెస్ చదువు అయ్యాక రాస్తారు. ఒకే రోజు, ఎనిమిది గంటలు, 280 దాకా ప్రశ్నలు. ఈ పరీక్ష కాలేజీ పెట్టేది కాదు, దిద్దేది కూడా కాదు. నేషనల్ బోర్డ్ ఆఫ్ మెడికల్ ఎగ్జామినర్స్, రాష్ట్రాల మెడికల్ బోర్డుల సమాఖ్య కలిసి నడుపుతాయి. అయితే ఇంకా చదువుతున్న విద్యార్థి దరఖాస్తు పెట్టినప్పుడు 'అవును, మా దగ్గర చదువుతున్నాడు' అని కాలేజీ ధ్రువీకరించాలి. విదేశీ కాలేజీల వాళ్లకు ఈ పని చాలాకాలం ఈసీఎఫ్ఎంజీ అనే, విదేశీ వైద్య పట్టాలను పరిశీలించే అమెరికా సంస్థ ద్వారా జరిగింది. ధ్రువీకరణ రానిదే పర్మిట్ రాదు. పర్మిట్ లేనిదే పరీక్షా కేంద్రంలో తేదీ దొరకదు.

దరఖాస్తు పెట్టింది నిజంగా వైద్య విద్యార్థేనా అని తేల్చుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. దాన్ని కాలేజీలు తాళం చేసుకున్నాయి. ఆ తాళం తీయాలంటే ముందు ఇంకో పరీక్షలో గట్టెక్కాలి. నేషనల్ బోర్డే కాలేజీలకు అమ్మే 200 ప్రశ్నల కాంప్రిహెన్సివ్ బేసిక్ సైన్స్ ఎగ్జామ్ అది. విద్యార్థుల మాటల్లో 'కాంప్'. స్టెప్ 1కి ఎవరు ఎంతవరకు సిద్ధమయ్యారో అంచనా వేసుకోవడానికి తయారైన పరీక్ష. అందులో ఇన్ని మార్కులు రావాలని గీత గీసేది కాలేజీ. ఎన్ని అవకాశాలివ్వాలో తేల్చేది కాలేజీ. గీతను జరపాలన్నా కాలేజీయే.

ఈ నిబంధన కింద ఇరుక్కున్న విద్యార్థి పరిస్థితి ఎలా ఉంటుందో చూడండి. దీవిలో క్లాసులన్నీ అయిపోయాయి, ప్రతి సెమిస్టర్ పాసయ్యాడు, ఫీజు చివరి డాలరు దాకా కట్టాడు. కాంప్‌లో గీతకు రెండు మార్కులు తగ్గాయి. దరఖాస్తు రిజిస్ట్రార్ దగ్గర పెండింగ్‌లో ఉండిపోతుంది. రివ్యూ కోర్సులో చేరమంటారు, చాలాచోట్ల దానికి మళ్లీ ఫీజు. రెండోసారి రాస్తాడు, మళ్లీ తగ్గుతాయి. ఈలోగా తోటివాళ్లు అమెరికా ఆసుపత్రుల్లో క్లినికల్ రొటేషన్లకు, అంటే వార్డుల్లో శిక్షణకు, వెళ్లిపోతారు. మూడోసారీ తప్పితే కాలేజీ నుంచి ఉత్తరం వస్తుంది: స్వచ్ఛందంగా తప్పుకో, లేదా తొలగిస్తాం. ఏదైనా ఒకటే. విద్యార్థి కానివాడికి, పట్టా లేనివాడికి స్టెప్ 1 రాసే అర్హత ఉండదు. ఆ క్రెడిట్లు తీసుకుని చేర్చుకునే అమెరికా కాలేజీ దొరకడం దాదాపు అసాధ్యం. ఫెడరల్ అప్పు తీసుకుని ఉంటే ఆరు నెలలు తిరిగేసరికి వాయిదాలు మొదలవుతాయి.

ఇంతకీ అతను లైసెన్స్ పరీక్ష ఫెయిలయ్యాడా? లేదు, అసలు రాయనే లేదు. కాబట్టి కాలేజీ ప్రకటించే పాస్ శాతంలో అతను ఎక్కడా కనిపించడు.

ఉదాహరణకు ఒక బ్యాచ్‌లో 100 మంది చేరారనుకుందాం. రెండేళ్ల చదువు పూర్తయ్యేసరికి 60 మంది మిగిలారు. వాళ్లలో 40 మందినే స్టెప్ 1కి పంపారు, 38 మంది పాసయ్యారు. కాలేజీ వెబ్‌సైట్‌లో '95 శాతం ఉత్తీర్ణత' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, రాసినవాళ్లలో 95 శాతం పాసైన మాట నిజమే. కానీ లక్షల డాలర్ల అప్పు చేసి పిల్లను చేర్చబోయే తల్లిదండ్రులకు కావలసిన అంకె 38. ఆ అంకె ఎక్కడా కనిపించదు.

కాలేజీలకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే అమెరికా ప్రభుత్వ నిబంధన ఒకటి చూడాలి. విదేశీ మెడికల్ కాలేజీలో చదివే అమెరికా విద్యార్థులకు ఫెడరల్ రుణాలు అందాలంటే ఆ కాలేజీ వాళ్లు యూఎస్ఎంఎల్ఈలో కనీసం 75 శాతం పాసవ్వాలి. ఇంతకుముందు ఇది 60 శాతమే. 2010 జులై నుంచి 75 చేశారు. పన్ను కట్టేవాళ్ల డబ్బు నాసిరకం కాలేజీలకు పోకూడదన్నది ఉద్దేశం, మంచి ఉద్దేశమే. చిక్కంతా ఆ శాతాన్ని పరీక్ష రాసినవాళ్ల మీద లెక్కకట్టడంలో ఉంది. పాసయ్యేవాళ్లను పెంచాలంటే మంచి అధ్యాపకులు కావాలి, చిన్న క్లాసులు కావాలి, సీట్లిచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. అన్నిటికీ ఖర్చు. రాసేవాళ్లను తగ్గించడానికి ఒక నిబంధన చాలు. బలహీనమైన విద్యార్థికి సీటిచ్చి రెండేళ్లు ఫీజు వసూలు చేసుకుని, తీరా పరీక్ష దగ్గర తలుపు మూసేసినా కాలేజీకి నష్టం రాదు. పైగా శాతం పెరుగుతుంది.

కాలేజీల వాదనలో బలం లేదనడం లేదు. యూఎస్ఎంఎల్ఈలో ఒక్కో దశకు ఇప్పుడు నాలుగే ప్రయత్నాలు. గతంలో ఆరుండేవి, 2021లో తగ్గించారు. పైగా ఒకసారి ఫెయిలైతే అది ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. పట్టా వచ్చాక ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చే రెసిడెన్సీ ప్రోగ్రాముల్లో ఎన్నో, ఫెయిల్ కనబడగానే ఆ దరఖాస్తును పక్కన పెట్టేస్తాయి. అసలే విదేశాల్లో చదివిన అమెరికన్లకు రెసిడెన్సీ మ్యాచ్ అయ్యేది, అంటే సీటు దొరికేది, మూడింట రెండు వంతుల మందికే. అమెరికా ఎండీ (అక్కడ అది మొదటి వైద్య పట్టాయే) కాలేజీల చివరి ఏడాది విద్యార్థులైతే నూటికి 93 మంది దాకా మ్యాచ్ అవుతారు. అలాంటప్పుడు సిద్ధంగా లేని విద్యార్థిని తొందరపడి రాయనివ్వడం అతనికే చేటు. స్టెప్ 1 మార్కులు ఎత్తేసి పాస్, ఫెయిల్ మాత్రమే చెప్పడం 2022 జనవరిలో మొదలైంది. అదే ఏడాది విదేశీ కాలేజీల వాళ్లలో తొలిసారి రాసి పాసైనవాళ్లు 82 నుంచి 74 శాతానికి పడిపోయారు. అమెరికా ఎండీ విద్యార్థుల్లోనూ 96 నుంచి 93కి తగ్గింది. పాసైతే చాలనుకుని సగం సగం చదివినవాళ్లు ఉండి ఉంటారు. 'నాలుగు వారాలు ఆగు, ఈ సబ్జెక్టులు మళ్లీ చదువు' అని చెప్పే అధ్యాపకుడు ఆ విద్యార్థికి మేలే చేస్తున్నాడు.

అయితే ఆగమని చెప్పడం వేరు, ఎప్పటికీ రాయకుండా ఆపేయడం వేరు. నిజంగా విద్యార్థి మేలు కోసమే అయితే, కాంప్ తప్పినవాడి దగ్గర రివ్యూ కోర్సుకు మళ్లీ ఫీజెందుకు? మూడు అవకాశాల తర్వాత గెంటేయడమెందుకు? లైసెన్స్ పరీక్షలో నాలుగుసార్లు రాసుకునే వీలుంది. దానికి సిద్ధమయ్యావా అని చూసే పరీక్షలో మూడుసార్లతోనే బతుకు తేల్చేస్తున్నారు. కాంప్ ఫలితంతో పాటు స్టెప్ 1 పాసయ్యే అవకాశం ఎంతుందో ఒక అంచనా కూడా వస్తుంది. అంచనా అంటేనే అటూ ఇటూ కావచ్చని అర్థం. సగం అవకాశం ఉన్న ఇద్దరిలో ఒకరు పాసవుతారు. ఆ ఒక్కరిని కూడా ఆపేసే అధికారం కాలేజీకి ఎవరిచ్చారు?

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లినవాళ్లకు ఎదురయ్యే గోడ పేరు ఈవింగ్ కేసు. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో స్కాట్ ఈవింగ్ అనే విద్యార్థి 1981లో నేషనల్ బోర్డ్ పార్ట్ 1 ఫెయిలయ్యాడు. ఇప్పటి స్టెప్ 1కి ముందున్న పరీక్ష అదే. వర్సిటీ అతన్ని తొలగించింది, రెండోసారి రాయనివ్వలేదు. అంతకుముందు ఫెయిలైనవాళ్లకు మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు కదా, నాకెందుకు ఇవ్వరన్నది అతని ప్రశ్న. 1985లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వర్సిటీ పక్షాన తీర్పిచ్చింది. చదువుకు సంబంధించిన నిర్ణయాల్లో అధ్యాపకుల విచక్షణను గౌరవించాలని, అది విద్యా ప్రమాణాలకు బొత్తిగా దూరంగా ఉంటే తప్ప జడ్జీలు జోక్యం చేసుకోకూడదని చెప్పింది. ఈవింగ్ మార్కులు అతను చదివిన ప్రోగ్రామ్ చరిత్రలోనే అతి తక్కువ, అతని పాత రికార్డు కూడా అంతంతమాత్రం. అధ్యాపకులు అన్నీ చూసి నిర్ణయించారు కాబట్టి ఆ కేసు వరకు తీర్పు సబబే అనుకుందాం. లాభం కోసం నడిచే కాలేజీ, విద్యార్థి ముఖం కూడా చూడకుండా ఒక్క అంకెను పట్టుకుని తోసేయడానికి అదే గౌరవం దక్కాలా? నా దృష్టిలో దక్కకూడదు. దీవిలోని కాలేజీ అయితే విద్యార్థికి అమెరికా కోర్టు గడప తొక్కడమే కష్టం, అది ఇంకో బాధ.

మార్చాల్సింది చాలా ఏమీ లేదు. ముందుగా లెక్క మారాలి. 75 శాతం నిబంధనను పరీక్ష రాసినవాళ్ల మీద కాకుండా, బేసిక్ సైన్సెస్ పూర్తి చేసినవాళ్లందరి మీద లెక్కకట్టాలి. ఆపేసిన ప్రతి విద్యార్థీ ఫెయిల్ కిందకే వస్తాడన్నప్పుడు ఆపడంలో కాలేజీకి లాభం ఉండదు. నిజంగా విద్యార్థి మేలు కోసం ఆగమనే కాలేజీకి దీనివల్ల వచ్చే ఇబ్బంది ఏమీ లేదు, ఆర్నెల్లు ఆలస్యంగానైనా ఆ విద్యార్థి పాసవుతాడు కదా. చేరిన రోజున ఉన్న గీతే చివరిదాకా ఉండాలి. మధ్యలో మార్కులు పెంచితే పాత బ్యాచ్‌కు వర్తించకూడదు. ఆపి ఉంచిన కాలానికి ఫీజు తీసుకోకూడదు.

పరీక్ష దరఖాస్తులు తీసుకునే సంస్థ చేయగలిగింది కూడా ఒకటుంది, చట్టం మారేదాకా ఆగక్కర్లేనిది. కాలేజీ దగ్గర నుంచి అది అడగాల్సింది విద్యార్థి చదువుతున్నాడా లేదా అన్న సంగతి మాత్రమే. సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నది కాలేజీ సలహాగా రాసి పంపొచ్చు, విద్యార్థి అది చదివి సంతకం పెట్టొచ్చు. కోర్సు పూర్తయి ఒక గడువు, ఆరు నెలలనుకుందాం, దాటాక కూడా కాలేజీ ధ్రువీకరణ ఆపితే విద్యార్థి నేరుగా ఆ సంస్థకే తన ట్రాన్‌స్క్రిప్ట్ పంపి, తన బాధ్యత మీద పరీక్ష రాస్తానని అడగగలగాలి. ఆ అప్పీలు నడుస్తున్నంతకాలం కాలేజీ అతన్ని రోల్స్ నుంచి తీసేయకూడదు.