థాయ్ హోటలు పుల్లల దంపతులకు

మహారాజశ్రీ చాప్‌స్టిక్స్ దంపతులకు,

విజయనగరం నుంచి నమస్కరించి రాయునది. మొన్న పైడితల్లమ్మ సిరిమాను మర్నాడు, గంటస్తంభం దగ్గర బట్టల షాపు పై అంతస్తులో కొత్తగా పెట్టిన థాయ్ హోటల్లో మనకు పరిచయం. మూల టేబుల్ దగ్గర నలుగురం కూర్చున్నాం. అందులో ఆకుపచ్చ చీర నాది. మీరు ఎర్ర కాయితం తొడుగులో ఒకరినొకరు అతుక్కుని కొత్తగా పెళ్లైనవాళ్లలా పడుకుని ఉన్నారు. మిమ్మల్ని విడదీసిన పాపం నాదే. విడదీస్తే ఒకరు లావు, ఒకరు సన్నం అయ్యారు. నా బొటనవేలికి పేడు గుచ్చుకుంది. అప్పుడే లేచి ఇంటికి వచ్చేస్తే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

తీసుకెళ్లింది మా అబ్బాయి. బెంగుళూరులో ఉద్యోగం, పండక్కి వచ్చాడు. "ఎప్పుడూ ఆ మసాలా దోసేనా అమ్మా" అన్నాడు. మా అత్తగారికి 78 ఏళ్లు. మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, మిమ్మల్ని చూసి, "ఇయేటే, అగరొత్తులు కూడా ఇస్తారేటి? దేవుడి పటం ఎక్కడుందీ?" అని గోడలన్నీ వెతికారు. గోడ మీద ఏనుగు బొమ్మ ఉంది. దానికే దణ్ణం పెట్టుకున్నారు.

మావారి సంగతి చెప్పాలి. ముప్ఫయ్యేళ్లు ట్రెజరీలో ఒక్క పైసా తేడా రాకుండా లెక్కలు చూసిన చెయ్యి అది. మీ తొడుగు మీద మూడు బొమ్మలున్నాయి కదా, మొదటి పుల్ల ఇలా, రెండో పుల్ల అలా, ఇప్పుడు కదపండి అని. ఆయన కళ్లజోడు పైకి జరిపి వాటిని జీవో చదివినట్టు చదివారు. తరవాత ప్యాడ్ థాయ్ అనే వేయించిన నూడుల్స్‌లో దిగారు. ఒకే ఒక్క నూడుల్ సిరిమానులా మెల్లగా పైకి లేచింది. ముందు రోజు చూసిన అసలు సిరిమాను, అదే కొసన పూజారిని కూర్చోబెట్టే పొడుగాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగి క్షేమంగా దిగింది. ఇది మొదటి విడతలోనే చొక్కా జేబులో దిగింది.

ఇదంతా చూసిన సర్వరు కుర్రాడు దగ్గరికి వచ్చాడు. నల్ల టోపీ, నల్ల ఏప్రాన్, మాట మాత్రం అచ్చం నెల్లిమర్ల. "రబ్బరు బేండెట్టీమంటారా సార్?" అన్నాడు. తొడుగు కాయితాన్ని బుల్లి చుట్టలా చుట్టి మీ ఇద్దరి మధ్య దూర్చి, పైన రబ్బరు బ్యాండు బిగించి, పట్టకారు చేసి ఇచ్చాడు. పట్టకారుతో మేం పొయ్యి మీంచి గిన్నె దించుతాం. దాంతో అన్నం తినడం మా వంశంలో అదే మొదలు.

మరి పక్క టేబుళ్లవాళ్లు నేర్చినవాళ్లేమో అని ఓరగా చూశాను. వాళ్లూ మమ్మల్నే చూస్తున్నారు, మేం నేర్చినవాళ్లమేమో అని. హాల్లో ఇరవై మంది దాకా ఉన్నాం. అందరికీ ఆకలే, అందరి చేతుల్లోనూ మీరే.

ఇంతలో బొప్పాయి సలాడ్ వచ్చింది. పేరు సోమ్ తమ్, ధర 380. పచ్చి బొప్పాయి తురుము, వేరుశనగ గుళ్లు, వెల్లుల్లి, మిరపకాయలు, ఎండు రొయ్యలు, తాటిబెల్లం, నిమ్మరసం, అన్నీ రోట్లో దంచుతారట. అత్తగారు ఒక వేలితో అంటించి నాలిక మీద పెట్టుకున్నారు. "రోటిపచ్చడే కదే ఇది!" అన్నారు. అనడం ఏమిటి, కుడిచెయ్యి దింపేశారు. మా అబ్బాయి మొహం ఎర్రబడింది. "నాన్నమ్మా, చేత్తో వద్దు, అందరూ చూస్తున్నారు" అన్నాడు. "చూణ్ణీరా, ఆళ్లకి ఆకలేస్తే ఆళ్లూ తింటారు" అని చారులోకి వెళ్లారు. అది టామ్ యమ్. అందులో నిమ్మగడ్డి, చక్రాల్లా తరిగిన దుంపరాష్ట్రం. దగ్గొస్తే ఆవిడ మాకు కషాయం కాచిపోసే దుంపరాష్ట్రమే. 290 రూపాయలకి ఇంత కషాయం ఇచ్చారని నొచ్చుకున్నారు. నిమ్మగడ్డి నమిలి చూసి, కరివేపాకులాగా పక్కన పెట్టేశారు. అక్కడివాళ్లు కూడా అలాగే పక్కన పెడతారు, ఆవిడకి ఎవరూ చెప్పకపోయినా.

ఇంటికొచ్చి ఫోన్లో చూసి మా అబ్బాయి మాట్లాడ్డం మానేశాడు. దంపతులారా, ఇప్పుడు మీరు నాకు జవాబు చెప్పాలి. థాయ్‌లాండ్‌లో అన్నం తినేది చెంచాతోనట! కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు, ఆ ఫోర్కుతో అన్నం చెంచాలోకి తోసుకోవడం. అదీ 19వ శతాబ్దంలో రాజుగారి కొలువులో మొదలై జనంలోకి వచ్చింది. అంతకు ముందు చెయ్యే. ఈశాన్యాన ఈసాన్ వైపు ఇప్పటికీ జిగురన్నాన్ని చేత్తో ఉండ చేసి, ఈ సోమ్ తమ్‌లోనే అద్దుకుని తింటారు. మీకు అక్కడ ముఖ్యంగా చైనా వైపు నుంచి వచ్చిన నూడుల్స్ చారు దగ్గరే ఉద్యోగం. 1939లో సయాం పేరు థాయ్‌లాండ్‌గా మార్చిన ప్రధాని ఫిబూన్ ప్రభుత్వం ఆ రోజుల్లో ఊరూరా ప్రచారం చేసిన ప్యాడ్ థాయ్‌ని కూడా చాలామంది చెంచా ఫోర్కులతోనే కానిచ్చేస్తారు.

అంటే ఆ హాల్లో థాయ్ పద్ధతిలో భోంచేసింది మా అత్తగారు ఒక్కరే. మేమంతా ఏ దేశం పద్ధతిలో ఆకలితో ఉన్నామో మీరే చెప్పాలి. పక్క దేశం వంటకి మిమ్మల్ని కాపలా పెట్టి, మా కుడిచేతిని టేబుల్ కింద దాచిపెట్టించిన తెలివి ఎవరిది? హోటలువాళ్లని అడిగితే, "చెంచా పెడితే కస్టమర్లు ఒరిజినల్ కాదంటారు మేడమ్" అన్నారు. వాళ్లని మాత్రం ఏమనను? దిగేటప్పుడు మెట్ల మీద ఆ సర్వరు కుర్రాడు కూర్చుని టిఫిన్ క్యారేజీ విప్పుకుంటున్నాడు. చారన్నం, ఎండు చేప వేపుడు. చేత్తోనే కలుపుతున్నాడు.

మీ మీద నాకు పగ ఏమీ లేదు. మిమ్మల్ని అత్తగారు కొంగులో చుట్టి ఇంటికి తెచ్చేశారు. "డబ్బులిచ్చాం, ఒదిలీమంటారేటి?" అన్నారు. అయ్యగారిని డాబా మీద కుండీలో వంగిపోతున్న పచ్చిమిరప మొక్కకి ఊతగా కట్టాం. రబ్బరు బ్యాండు కూడా మీదే. అమ్మగారు ఇడ్లీ ఉడికిందో లేదో గుచ్చి చూడ్డానికి వంటింట్లో ఉన్నారు. ఇద్దరినీ మళ్లీ విడదీసినందుకు క్షమించండి.

ఇట్లు,
ఆకుపచ్చ చీర ఆవిడ

తా.క. మా అబ్బాయి నిన్న బెంగుళూరు వెళ్లాడు. రైలెక్కేముందు నాన్నమ్మ చేత బొప్పాయి పచ్చడి నూరించుకుని సీసాలో పట్టుకెళ్లాడు. చెంచా ఇవ్వనా అంటే అక్కర్లేదన్నాడు.