వెంట్రుకల పరీక్ష రిపోర్టు గారికి విన్నపం

మహారాజశ్రీ వెంట్రుకల పరీక్ష రిపోర్టు గారి దివ్యసముఖమునకు కనిగిరి దగ్గరి పల్లె నుండి తమ ఖాతాదారుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గానీ, తమరు ఇంటికి వచ్చినప్పటి నుండి నా కుశలం మీద నాకే అనుమానంగా ఉంది.

తమ మనిషి ఒంట్లోని ఖనిజాల లెక్క తేలుస్తానంటూ నా మెడ వెనుక చెంచాడు వెంట్రుకలు కత్తిరించి కాగితపు కవరులో వేసుకున్నాడే గానీ, ఏ నీళ్లతో తలంటుకుంటారని అడగలేదు. మా బోరు నీళ్లకు బకెట్టు అంచున తెల్లటి పొర పేరుకుంటుంది. గోటితో గీకితే సున్నంలా రాలుతుంది. అది తలకూ పట్టి ఉండవచ్చునన్న ఆలోచనే లేకుండా, తమరు కాల్షియం ఎదుట ఎర్రబాణం గీసి, పక్కనే దాన్ని సరిచేసే మాత్రల డబ్బా ధర ముద్రించారు. అమెరికాలో ఒకే మనిషి వెంట్రుకలను ఆరు ల్యాబులకు పంపి చూసిన అధ్యయనం 2001లో వెలువడింది. కొన్ని ఖనిజాల అంకెల్లో పదిరెట్లకు పైగా తేడా వచ్చిందట. ఆరుగురు సిద్ధాంతులకు ఒకే జాతకం చూపించినా అంత తేడా రాదు.

ఆర్సెనిక్ వంటి విషం వెంట్రుకల్లోనూ గోళ్లలోనూ నిలిచి ఉంటుందన్నది నిజమే. నెలకు సుమారు సెంటీమీటరు పెరిగే వెంట్రుక పాత నెలల లెక్క మోస్తుంది కూడా. ఆ విద్య మీద నాకు గౌరవమే.

అయితే మాలిబ్డినం అనే లోహం దాకా ఏకరువు పెట్టిన తమరు ఫ్లోరైడ్ ఊసే ఎత్తకపోవడం ఏమి మర్యాద? మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో కనిగిరి, పొదిలి అక్కడి నుండి విడివడి ప్రకాశం జిల్లాలో కలిశాయి గానీ, బోరు నీళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఆ ఫ్లోరైడ్ కత్తిరించిన గోళ్లలోనూ దొరుకుతుంది. కాకపోతే లోహాలు లెక్కించే తమ యంత్రం చాలదు, వేరే ఎలక్ట్రోడు కావాలి. పది వేళ్ల గోళ్లూ ఇస్తానంటే, అది ప్యాకేజీలో లేదన్నారు.

నిన్న తమరిని చంకన పెట్టుకుని మా డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన తమరిని మడత కూడా విప్పలేదు. నన్ను కిటికీ వైపు తిప్పి, పళ్ల మీది గోధుమరంగు చారలు చూసి, "ఏ ఊరయ్యా మీది?" అన్నారు. చెప్పాను. "చిన్నప్పటి నుండీ బోరు నీళ్లేనా?" అన్నారు. ఫీజు తీసుకోలేదు.

చిత్తగించవలెను.