అట్లాంటా కాదు, 404

అమెరికాలో చైనావాళ్ళ పేట చైనాటౌన్‌లో గిన్నెడు నూడుల్స్ తిన్న ప్రతివాడూ బయటికొచ్చేసరికి సామాజిక శాస్త్రవేత్త అయిపోతాడు. "చూశారా, వాళ్ళలో వాళ్ళకి ఎంత ఐకమత్యమో! ఒకేచోట ఉండటం వాళ్ళకిష్టం, అందుకే పైకొచ్చారు" అని పళ్ళు కుట్టుకుంటూ సెలవిస్తాడు.

ఇష్టమే మరి! చైనా కూలీలు రాకూడదని 1882లో చట్టం చేశారు. 1943 దాకా ఎత్తలేదు. ఎత్తాకైనా ఏడాదికి 105 మందికే తలుపు తీశారు. ఊళ్ళో ఇల్లు దొరకనివ్వక, పని దొరకనివ్వక నాలుగు వీధుల్లో కుక్కారు. కోడిని గంప కింద మూసి, దీనికి గంపంటే ఎంత ప్రాణమో అన్నట్టుంది.

సరే, ఆ వీధులు పైకెక్కించే నిచ్చెన అంటున్నారు కాబట్టి ఎక్కే విధానం చెప్పుకుందాం. ముందు చైనాలోని ఫుజియన్ రాష్ట్రం నుంచి న్యూయార్క్ చేరాలి. 1990లలో దొంగదారిన మనుషుల్ని చేరవేసే స్నేక్‌హెడ్ అనే దళారికి ఇందుకు దాదాపు 30,000 డాలర్లు. అప్పే. దిగగానే మాన్‌హాటన్ ఈస్ట్ బ్రాడ్వేలో ఉద్యోగాల ఏజెన్సీకి వెళ్ళాలి. అక్కడ హోటలు పనుల చీటీలుంటాయి. చీటీ మీద నెల జీతం, బస్సులో ఎన్ని గంటలు, ఆ ప్రాంతం ఫోన్ కోడ్. ఊరి పేరుండదు. అట్లాంటా అంటే 404, నాష్‌విల్ అంటే 615. ఊరి పేరు చదవాలంటే ఇంగ్లిష్ రావాలి, అంకెకి ఆ బెడద లేదు.

"ఏ ఊళ్ళో పని నాయనా?"

"404లో."

"అదెక్కడ?"

"రాత్రి బస్సెక్కితే దింపుతారు."

"ఊరెలా ఉంది?"

"చూళ్ళేదు. వంటగది మాత్రం 615లో ఉన్నట్టే ఉంది."

రోజుకి పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులు. పడక యజమాని చూపించిన ఇంట్లో, పరుపుల వరుసలో. పొయ్యి దగ్గర అందరూ ఫుజియన్‌లోని ఫుజౌవాళ్ళే కనక ఇంగ్లిష్ ముక్క అంటదు. వచ్చే ఆర్డరు కూడా మెనూలో నంబరే. యజమానితో చెడిందా, మళ్ళీ బస్సు, మళ్ళీ ఈస్ట్ బ్రాడ్వే, మళ్ళీ ఏజెన్సీ రుసుము, ఇంకో అంకె. పదేళ్ళలో అమెరికా అంతా తిరుగుతాడు, అమెరికాని మాత్రం చూడడు.

నిచ్చెన అసలు లేదనను. హుయ్ ఉంది. అచ్చం మన చీటీ పాటే. నెలనెలా తలా ఇంత వేస్తే, బ్యాంకు గడప తొక్కకుండా ఒకడు హోటలు పెట్టేస్తాడు. పూచీ నోటిమాటే; పాడుకున్నవాడు ఉడాయిస్తే ఏమవుతుందో తెలుగువాళ్ళకి చెప్పాలా? అయితే ఎక్కేదెవరన్నదే తిరకాసు. సాండర్స్, నీ అనే పరిశోధకులు 1987లో కాలిఫోర్నియా చైనీయుల్నీ ఫ్లోరిడా క్యూబన్లనీ పరిశీలించి తేల్చిందేమిటంటే, పేటలో చదువుకి తగ్గ ఫలం యజమానికి దక్కుతోంది, కూలికి దక్కట్లేదు. అమెరికాలో మన కన్సల్టెన్సీ అన్నయ్యల గెస్ట్‌హౌసుల్లో పడుకున్నవాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవనక్కర్లేదు.

కూలి పిల్లలు ఎక్కుతారు, నిజమే. అమ్మ బట్టకింత చొప్పున కుట్టిన డబ్బుతో బూషీబాన్ అనే కోచింగులో కూర్చుని, ఒకే ఒక్క పరీక్షతో న్యూయార్క్‌లో పేరుమోసిన సర్కారు బడి స్టైవెసెంట్ హైస్కూల్లో సీటు కొడతారు. వెంటనే మన పండితుడు దీన్ని "కన్ఫ్యూషియస్ సంస్కృతి" అంటాడు. కన్ఫ్యూషియస్ ఎన్ని బట్టలు కుట్టాడు? ఎన్నేళ్ళు మెడ వంచాడు?

ఆ అమ్మలే 1982లో చైనాటౌన్ దర్జీ కార్ఖానాల్లో యూనియన్ ఒప్పందం మీద సంతకం పెట్టండని అడిగారు. కుటుంబానికి వైద్య బీమా ఆ యూనియన్ పనివల్లే. యజమానులేమన్నారు? మనమంతా చైనీయులం, మనలో మనకి గొడవేమిటన్నారు! సిగ్గుండక్కర్లేదూ? కూలి లెక్కగట్టేటప్పుడు ఎక్కడికెళ్ళింది ఈ చుట్టరికం? జూన్ 24న దాదాపు 20,000 మంది, ఎక్కువగా ఆడవాళ్ళే, కుట్టు మిషన్లు ఆపేసి కొలంబస్ పార్కుకి వచ్చారు. యజమానులు నోరు మూసుకుని సంతకాలు పెట్టారు.

నూడుల్స్ పండితుడు మెచ్చుకునే ఐకమత్యంలో ఇది మాత్రం ఎందుకో ఉండదు.